రూపం మార్చుకునే పవర్ రంపం: పేటెంట్ పరీక్షను ఎలా దాటించాలి

చేత్తో పట్టుకుంటే సర్క్యులర్ రంపం. బల్ల కింద తలకిందులుగా బిగిస్తే టేబుల్ రంపం. పక్కనున్న కీలుకు తగిలిస్తే పైనుంచి దిగి కోసే మైటర్ రంపం. ఒకే మోటారుతో ఇలా రూపం మార్చుకునే యంత్రాన్ని తయారుచేసినవారు మొదట చెప్పుకునే మాట ‘ఒక్క యంత్రం, మూడు పనులు’. కొనేవాడికి ఆ మాట చాలు. పేటెంట్ కార్యాలయంలో మాత్రం అదే మాట మీ మెడకు చుట్టుకుంటుంది. ఎందుకో ముందుగా తెలుసుకుంటే, దరఖాస్తు రాయడం మొదలు హియరింగ్ దాకా ఏ అడుగు ఎలా వేయాలో చాలావరకు తేలిపోతుంది.

ముందు 3(ఎఫ్)ను అర్థం చేసుకోండి

మన పేటెంట్ చట్టం 1970 నాటిది. ఏవేవి ఆవిష్కరణలు కావో అందులోని మూడో సెక్షన్ వరసగా చెబుతుంది. (ఎఫ్) క్లాజు సారాంశం ఇది: తెలిసిన పరికరాలను ఒకచోట అమర్చినా, వాటి అమరిక మార్చినా, ఒకదానికి రెండు పెట్టినా, దేని పని అది పాత పద్ధతిలోనే విడివిడిగా చేసుకుపోతుంటే అది ఆవిష్కరణ కాదు. బహుళ ప్రయోజన రంపం మీద ఈ అభ్యంతరం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఈ ఆలోచన చాలా పాతది. ఇంగ్లండులో 1890 నాటి విలియమ్స్, నై కేసులో మాంసం కీమా కొట్టే యంత్రాన్నీ, ఆ కీమాను తొడుగుల్లో నింపే యంత్రాన్నీ ఒకటిగా బిగించి పేటెంట్ తీసుకున్నారు. రెండూ తెలిసిన యంత్రాలే, రెండూ తమ పాత పనే చేస్తున్నాయి. ఆ పేటెంట్ నిలవలేదు. మన సుప్రీంకోర్టు 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ కేసులో ఇదే దారిలో వెళ్లింది. గిన్నెలను లేత్ మీద తిప్పేటప్పుడు పట్టి ఉంచే సాధనం గురించిన వివాదం అది. నేర్పున్న పనివాడు వర్క్‌షాపులో చేసుకోగలిగే మెరుగుదల పేటెంట్‌కు చాలదని కోర్టు తేల్చింది. అదే తీర్పు ఒక తలుపు కూడా తెరిచి ఉంచింది. పాత భాగాలే అయినా, వాటి మధ్య పనిలో ఏర్పడే పరస్పర సంబంధం వల్ల కొత్త ఫలితమో మెరుగైన ఫలితమో వస్తే పేటెంట్ ఇవ్వవచ్చని చెప్పింది.

మీ వాదన మొత్తం ఆ పరస్పర సంబంధం మీదే నిలవాలి. పనులు మూడా ఆరా అన్నది పరీక్షాధికారికి అవసరం లేదు. ఒక పని నుంచి ఇంకో పనికి మారే క్షణంలో యంత్రం లోపల ఏం జరుగుతుందన్నదే ఆయన చూస్తారు.

మార్పు జరిగే క్షణాన్ని కాగితం మీద పెట్టండి

దరఖాస్తు రాయకముందే ఈ పని చేయండి. చేతి రంపం బల్ల కిందికి వెళ్లినప్పుడు మారేది దాని స్థానం ఒక్కటే కాదు. చేతి రంపానికి కింద స్ప్రింగుతో మూసుకునే గార్డు ఉంటుంది. బల్ల మీద అది కోతకు అడ్డం. చేతి రంపం స్విచ్చిని వేలితో నొక్కి పట్టుకోవాలి. బల్ల కిందికి పోయాక ఆ స్విచ్చి చేతికి అందదు, అందుకే కొందరు దాన్ని తీగతో కట్టేసి నడుపుతారు. ఇంతకంటే ప్రమాదకరమైన పద్ధతి వడ్రంగంలో తక్కువే. ప్రమాదం దిశ కూడా మారుతుంది. చేతిలో ఉన్నప్పుడు బ్లేడు పట్టేస్తే యంత్రం మన వైపు ఎగురుతుంది. బల్ల మీద బ్లేడు పట్టేస్తే చెక్క మన వైపు దూసుకొస్తుంది. ఆ కోత మూసుకుపోకుండా చూసేందుకే టేబుల్ రంపంలో బ్లేడు వెనక ఒక రేకు నిలబడి ఉంటుంది.

అంటే యంత్రం రూపం మారిన ప్రతిసారీ గార్డు, స్విచ్చి, వెనక రేకు, పొట్టు బయటికి పోయే దారి అన్నీ మారాలి. ఒక్కొక్కదాన్ని పనివాడు స్పానరు పట్టుకుని మార్చుకోవాల్సి వస్తే మీ దగ్గర ఉన్నది అమరిక మాత్రమే. ఒక కదలికతో ఇవన్నీ కలిసి మారితే, ఒకటి మారనప్పుడు మిగతావి పనిచేయకపోతే, అక్కడ పరస్పర సంబంధం ఉన్నట్టు.

ఉదాహరణకు ఒక యంత్రాన్ని ఊహించుకుందాం. మోటారు గూడు చుట్టూ తిరిగే తాళపు రింగు ఉంది. దాన్ని ‘బల్ల’ స్థానానికి తిప్పితే రింగు మీది కామ్ (రింగుతో పాటు తిరుగుతూ ఇతర భాగాలను కదిలించే ఉబ్బు) కింది గార్డును వెనక్కి లాగుతుంది, వెనక రేకును పైకి నిలబెడుతుంది, కరెంటును పిడి స్విచ్చి నుంచి బల్ల స్విచ్చికి మారుస్తుంది. రింగు సగంలో ఆగిపోతే ఏ స్విచ్చీ పనిచేయదు. ఈ వ్యాసంలో ఇక ముందు చెప్పేదంతా ఈ యంత్రాన్ని దృష్టిలో పెట్టుకునే.

ఇవన్నీ మొదటి స్పెసిఫికేషన్‌లోనే, అంటే దరఖాస్తుతో ఇచ్చే ఆవిష్కరణ వివరణ పత్రంలోనే ఉండాలి. కామ్ ఆకారం, రింగు ఎన్ని డిగ్రీలు తిరగాలి, స్ప్రింగు ఎటు లాగుతుంది, పొట్టు గొట్టం ఎక్కడ కలుస్తుంది అన్నవి రాసేయండి, బొమ్మలు గీసేయండి. తరువాత క్లెయిములను, అంటే ఏ మేరకు హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యాలను, తగ్గించుకోవచ్చు కానీ మొదట రాయని విషయాన్ని కొత్తగా చేర్చడానికి 59వ సెక్షన్ ఒప్పుకోదు. బొమ్మలో లేని కామ్‌ను హియరింగ్‌లో ఎంత గట్టిగా వర్ణించినా ప్రయోజనం ఉండదు. పత్రాలు ఇంగ్లిష్‌లోగానీ హిందీలోగానీ ఉండాలి. తెలుగులో ఆలోచించి రాసుకున్న నోట్సును అనువాదానికి ఇచ్చేటప్పుడు, ప్రతి భాగానికీ ఒకే పేరు చివరిదాకా వాడమని గట్టిగా చెప్పండి. ఒకచోట తాళపు రింగు, ఇంకోచోట బిగింపు చక్రం అని రాస్తే స్పష్టత లేదన్న అభ్యంతరం తప్పదు.

ఇంకొక జాగ్రత్త. దరఖాస్తు వేయకముందు యంత్రం వీడియోను ఆన్‌లైన్‌లో పెట్టకండి, దుకాణాల్లో ప్రదర్శించకండి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనల వంటి కొద్ది సందర్భాలకే చట్టంలో 12 నెలల వెసులుబాటు ఉంది. మీ సొంత వీడియోనే మీ కొత్తదనాన్ని చెడగొట్టగలదు. యంత్రం ఇంకా పూర్తి కాలేదనుకుంటే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసి, 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వండి.

పరీక్షాధికారి కంటే ముందు మీరే వెతకండి

రూపం మార్చుకునే రంపాలకు వందేళ్ల చరిత్ర ఉంది. 1922లో రేమండ్ డీవాల్ట్ రూపొందించిన రేడియల్ ఆర్మ్ రంపానికి ‘వండర్ వర్కర్’ అని పేరు పెట్టారు. 1947 నాటికి అమెరికాలో షాప్‌స్మిత్ అనే యంత్రం వచ్చింది. హాన్స్ గోల్డ్‌ష్మిట్ చేసిన ఆ యంత్రం ఒకే మోటారుతో టేబుల్ రంపంగా, లేత్‌గా, డ్రిల్ ప్రెస్‌గా, చెక్కను నున్నగా రుద్దే చక్రంగా మారేది. కాబట్టి ‘ఇలాంటిది ప్రపంచంలో లేదు’ అని ఎక్కడా రాయకండి.

వెతకడానికి మాటల కంటే, పేటెంట్లను విషయాల వారీగా విభజించే వర్గీకరణ సంకేతాలు మేలు. చెక్క రంపాలకు బి27బి, అందులో చేతి సర్క్యులర్ రంపాలకు బి27బి 9/00. లోహాన్ని కోసే రంపాలకు బి23డి. చెక్కపనికి వాడే బహుళ ప్రయోజన యంత్రాలకు బి27సి 9/00. ఒకే మోటారుకు వేర్వేరు పనిముట్లు తగిలించే చేతి యంత్రాలకు బి25ఎఫ్ 3/00. చాలామంది మొదటి రెండింటితో ఆపేస్తారు. పరీక్షాధికారి ఉదహరించే పత్రాలు ఎక్కువగా బి25ఎఫ్ 3/00, బి27సి 9/00ల చుట్టూ ఉండే అవకాశముంది కాబట్టి మీ సమయాన్ని అక్కడ పెట్టండి. ఎస్పాస్‌నెట్, గూగుల్ పేటెంట్స్, పేటెంట్‌స్కోప్, మన కార్యాలయానికి చెందిన ఇన్‌పాస్ అనే పేటెంట్ శోధన వెబ్‌సైట్లు అన్నీ ఉచితమే. చైనా యుటిలిటీ మోడళ్లను వదలకండి. మన దేశంలో అలాంటి చిన్న పేటెంట్ పద్ధతి లేదు కానీ, అక్కడ ప్రచురించిన ప్రతి పత్రమూ ఇక్కడ మీకు అడ్డు నిలవగలదు. భాష రాకపోయినా బొమ్మలు చూస్తే విషయం తెలిసిపోతుంది.

పరీక్షను మీరే కోరాలి

దరఖాస్తు వేసినంత మాత్రాన ఎవరూ దాన్ని పరీక్షించరు. ఫారం 18తో విడిగా కోరాలి. 2024 మార్చి 15న గానీ, ఆ తరువాత గానీ వేసిన దరఖాస్తులకు ఈ గడువు 31 నెలలు. అంతకుముందువాటికి 48 నెలలు. గడువు దాటితే దరఖాస్తును ఉపసంహరించుకున్నట్టే లెక్క. వ్యక్తులు, స్టార్టప్‌లు, చిన్న సంస్థలు ఆన్‌లైన్‌లో వేస్తే రుసుము 4,000 రూపాయలు. త్వరగా కావాలంటే ఫారం 18ఏ ఉంది, దానికి 8,000. స్టార్టప్‌కూ, చిన్న సంస్థకూ, దరఖాస్తుదారుల్లో కనీసం ఒక మహిళ ఉన్నవారికీ ఈ సౌకర్యం దొరుకుతుంది. ఒంటరిగా, సొంత పేరుతో దరఖాస్తు పెట్టుకున్న పురుషుడికి మామూలుగా దొరకదు. దీని వెనక తర్కం నాకైతే అంతగా నచ్చదు కానీ నియమం అది.

మామూలుగా 18 నెలల తరువాత దరఖాస్తు ప్రచురితమవుతుంది, ప్రచురణ అయ్యాకే పరీక్ష. ముందే ప్రచురించమని కోరడానికి ఫారం 9, వ్యక్తులకు 2,500 రూపాయలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. పరీక్షించే అధికారి మాత్రం కోల్‌కతాలోనో ఢిల్లీలోనో ముంబయిలోనో ఉండవచ్చు.

నివేదిక రాగానే తేదీలు రాసుకోండి

తొలి పరీక్ష నివేదికను అందరూ ఎఫ్ఈఆర్ అంటారు. ఈమెయిల్‌కే వస్తుంది కాబట్టి దరఖాస్తులో ఇచ్చిన చిరునామాను చూస్తూ ఉండండి. జవాబుకు ఆరు నెలలు. లెక్క మీరు చదివిన రోజు నుంచి కాదు, అది జారీ అయిన రోజు నుంచి. ఆ ఆరు నెలలు ముగియకముందే ఫారం 4 వేస్తే మరో మూడు నెలల దాకా పొడిగింపు దొరుకుతుంది. ఊరుకుంటే 21వ సెక్షన్ కింద దరఖాస్తును వదిలేసినట్టు భావిస్తారు. విదేశాల్లో కూడా దరఖాస్తు వేసి ఉంటే ఆ వివరాలతో ఫారం 3 ఇవ్వాలి, దానికి నివేదిక జారీ అయిననాటి నుంచి మూడు నెలలే. ఆరు నెలల గడువు మీదే దృష్టి పెట్టినవారు జారిపోయేది ఇక్కడే.

నివేదిక మొదటి పేజీలో పట్టిక ఉంటుంది: కొత్తదనం, ఆవిష్కరణ చర్య, పారిశ్రామిక వినియోగం, మూడో సెక్షన్ అభ్యంతరాలు, ఒకే ఆవిష్కరణ కావడం, స్పష్టత వంటి అంశాల ఎదురుగా ‘ఉంది’, ‘లేదు’ అని. దాన్ని చూసి గుండె జారనక్కర్లేదు, ‘లేదు’లు ఎక్కువగా ఉండటం సర్వసాధారణం. తరువాతి భాగంలో డీ1, డీ2, డీ3 అని పాత పత్రాల జాబితా ఉంటుంది. వాటిని పూర్తిగా దించుకుని, పరీక్షాధికారి చెప్పిన పేరాలతో ఆగకుండా మొదటి నుంచి చివరిదాకా చదవండి. మీకు పనికొచ్చే వాక్యం చాలాసార్లు ఆయన చూపించని పేరాలో ఉంటుంది.

క్లెయిమును తిరగరాయండి

రూపం మార్చుకునే రంపాల మొదటి క్లెయిములు సాధారణంగా ఇలా ఉంటాయి: మోటారు, బ్లేడు, పీఠం గల రంపం, దాన్ని చేతి రంపంగానూ టేబుల్ రంపంగానూ మైటర్ రంపంగానూ వాడవచ్చు. ఇందులో నిర్మాణం లేదు, వాడకం ఒక్కటే ఉంది. ఇలాంటి క్లెయిమును కాపాడాలని పట్టుబట్టడం వృథా శ్రమ.

మన ఉదాహరణ యంత్రానికి సవరించిన క్లెయిము ఇలా ఉండవచ్చు: మోటారు గూడు (12), దాని చుట్టూ తిరిగే తాళపు రింగు (24) గల రంపం, రింగు బల్ల స్థానానికి తిరిగినప్పుడు దాని మీది కామ్ (26) కింది గార్డు (30)ను వెనక్కి లాగి, వెనక రేకు (32)ను కోత స్థానంలో నిలిపి, కరెంటును పిడి స్విచ్చి (40) నుంచి బల్ల స్విచ్చి (42)కి మార్చడం, రింగు ఏ స్థానానికీ పూర్తిగా చేరనప్పుడు రెండు స్విచ్చిలకూ కరెంటు అందకపోవడం దీని ప్రత్యేకత. భాగాల పక్కన కుండలీకరణాల్లో బొమ్మ సంఖ్యలు ఉండటం గమనించండి. అవి లేకపోతే నివేదికలో దానికొక అభ్యంతరం అదనంగా వస్తుంది.

క్లెయిము ఇరుకైపోయిందని బాధపడేవారు ఉంటారు. కానీ రూపం మార్చే రంపాల్లో పోటీదారుడు కాపీ కొట్టాలనుకునేది ఆ రింగునే. మోటారు, బ్లేడు, బల్ల అతడికి బజారులో దొరుకుతాయి.

సవరణ దిద్దుబాట్లు కనిపించే కాపీ ఒకటి, శుభ్రమైన కాపీ ఒకటి జతచేయండి. ప్రతి మార్పుకూ మూల స్పెసిఫికేషన్‌లో ఏ పేజీ, ఏ వరుస ఆధారమో రాయండి. అది లేకపోతే 59వ సెక్షన్ కింద కొత్త అభ్యంతరాన్ని మీరే పిలిచినట్టు.

ఆవిష్కరణ చర్య గురించి జవాబు

ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికి. చట్టంలో 2(1)(జేఏ) ప్రకారం ఇప్పటికే ఉన్న జ్ఞానం కంటే సాంకేతికంగా ముందడుగు ఉండాలి లేదా ఆర్థిక ప్రాధాన్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి. దానితోపాటు ఆ రంగంలో నేర్పున్న వ్యక్తికి అది తేలిగ్గా తట్టేది కాకూడదు.

డీ1లో చేతి రంపాన్ని బల్ల కింద తిప్పి బిగించే ఏర్పాటు ఉందనుకుందాం. డీ2లో గార్డు మూసి లేకపోతే నడవని స్థిర మైటర్ రంపం ఉంది. రెండూ కలిపితే మీ యంత్రం వస్తుందని పరీక్షాధికారి రాశారు. ‘మా యంత్రం భిన్నమైనది, ఎంతో ఉపయోగకరమైనది’ అని రాసి పంపితే పని జరగదు. మూడు ప్రశ్నలకు వరసగా జవాబివ్వండి.

డీ1కి మీ క్లెయిముకూ తేడా ఏమిటి? డీ1లో గార్డును పనివాడు చేత్తో తీసేయాలి, స్విచ్చిని విడిగా తీగతో కట్టి ఉంచాలి. మీ రింగు వాటిని ఒకేసారి మారుస్తుంది. ఇది డీ1లో లేదని పేరా సంఖ్యతో సహా చూపించండి.

ఆ తేడా వల్ల కలిగే ఫలితం ఏమిటి? గార్డు లేకుండా పిడి స్విచ్చి నొక్కే అవకాశమూ, వెనక రేకు లేకుండా బల్ల మీద కోసే అవకాశమూ పోయాయి. సగం మారిన స్థితిలో యంత్రం నడవదు. ఇది రంపం విడిగా ఇచ్చే ఫలితమూ కాదు, బల్ల విడిగా ఇచ్చే ఫలితమూ కాదు, రెండింటి మధ్య లంకె ఇచ్చేది. 3(ఎఫ్)కు కూడా జవాబు ఇదే కాబట్టి అక్కడ దీన్ని ప్రస్తావించి వదలండి, తిరిగి రాయకండి.

డీ1, డీ2లను కలపాలని పనివాడికి ఎందుకు తట్టదు? డీ2 యంత్రం ఎప్పుడూ ఒకే స్థితిలో ఉంటుంది. దాని తాళానికి తెలిసిందల్లా గార్డు మూసి ఉందా తెరిచి ఉందా అన్నదే. దాన్ని యథాతథంగా డీ1కి తగిలిస్తే, గార్డు వెనక్కి పోవాల్సిన బల్ల స్థితిలో యంత్రం నడవనే నడవదు. అంటే కలిపినా మీ యంత్రం రాదు, పనిచేయని ఇంకొకటి వస్తుంది. ఇలాంటి వాదన దొరికితే దానికి ఎక్కువ చోటివ్వండి, ఎందుకంటే ఇది యంత్రం గురించిన వాదన, అభిప్రాయం గురించినది కాదు. డీ2ను చిన్న మార్పుతో పనిచేయించవచ్చని ఎదురు ప్రశ్న వస్తుంది. ఆ మార్పు ఏమిటో, దానికి ఏ పత్రంలో సూచన ఉందో అడగండి.

కొలతలు ఉంటే మంచిదే. స్థితి మార్చడానికి పట్టే సమయం, మార్చిన తరువాత బ్లేడు ఎంత మేర పక్కకు జరిగింది వంటివి 79వ సెక్షన్ ప్రకారం అఫిడవిట్ రూపంలో ఇవ్వవచ్చు. చేయని పరీక్షను మాత్రం రాయకండి.

మిగతా అభ్యంతరాలను త్వరగా తేల్చవచ్చు. సంక్షిప్త వివరణ 150 పదాలు దాటిందంటే కుదించండి. ‘గట్టిగా’, ‘సులువుగా’ లాంటి కొలతలేని మాటలను క్లెయిముల నుంచి తీసేయండి. జవాబు చివర, వ్యతిరేక నిర్ణయం తీసుకునేముందు హియరింగ్ ఇవ్వాలని ఒక వాక్యం తప్పనిసరిగా చేర్చండి. 80వ సెక్షన్ ప్రకారం ఈ కోరిక గడువు ముగియడానికి కనీసం పది రోజుల ముందు చేరాలి కాబట్టి జవాబును చివరి రోజుదాకా నాన్చకండి.

హియరింగ్

ఇప్పుడు హియరింగ్ దాదాపుగా వీడియోలోనే జరుగుతుంది. నోటీసులో ఇంకా మిగిలిన అభ్యంతరాలు ఉంటాయి; వాటికే పరిమితం కండి. రింగు తిరుగుతుంటే గార్డు, రేకు, స్విచ్చి ఎలా మారుతున్నాయో చూపే బొమ్మలు నాలుగైదు తెర మీద సిద్ధంగా ఉంచుకోండి. యంత్రం వీడియో చూపాలనుకుంటే ముందే అనుమతి అడగండి. పేటెంట్ ఏజెంటు ఉన్నా, యంత్రం చేసిన మీరు పక్కన ఉండటం మంచిది. కామ్ ఎందుకు ఆ ఆకారంలో ఉందన్న ప్రశ్నకు మీ అంత బాగా ఎవరూ జవాబు చెప్పలేరు. తేదీ కుదరకపోతే కనీసం మూడు రోజుల ముందు వాయిదా కోరాలి. రెండు వాయిదాలకు మించి దొరకవు, ఒక్కోటి 30 రోజులకు మించదు. హియరింగ్ తరువాత 15 రోజుల్లో లిఖితపూర్వక వాదన ఇవ్వాలి. అవసరమైతే క్లెయిమును ఇంకొంచెం తగ్గించి, దాన్ని రెండో ప్రత్యామ్నాయంగా జతచేయడానికీ ఇదే సమయం.

తిరస్కరిస్తే ఒక నెలలో ఫారం 24తో పునస్సమీక్ష కోరవచ్చు, లేదా మూడు నెలల్లో హైకోర్టులో అప్పీలు వేయవచ్చు. 2021లో అప్పిలేట్ బోర్డును రద్దు చేసినప్పటి నుంచి అప్పీళ్లు హైకోర్టులకే వెళుతున్నాయి. చెన్నై కార్యాలయం దరఖాస్తులకు అది మద్రాస్ హైకోర్టు.

విడదీసిన భాగాన్ని మరిచిపోకండి

రూపం మార్చే రంపాల దరఖాస్తుల్లో రెండు ఆవిష్కరణలు ఉన్నాయన్న అభ్యంతరం కూడా తరచుగా వచ్చే అవకాశముంది. తాళపు రింగు ఒకటి, మైటర్ కీలులోని కోణం కొలిచే ఏర్పాటు ఇంకొకటి, రెండింటికీ సంబంధం లేదంటారు. నిజంగా సంబంధం లేకపోతే వాదించకండి. బలమైనదాన్ని ఇక్కడ ఉంచి, రెండోదాన్ని 16వ సెక్షన్ కింద విడి దరఖాస్తుగా వేయండి. మొదటి దరఖాస్తు తేదీయే దానికీ వర్తిస్తుంది, క్లెయిములు మాత్రం ఒకదానితో ఒకటి కలవకూడదు. దీనికి గడువు విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఇది: మొదటి దరఖాస్తు మీద పేటెంట్ మంజూరు కాకముందే వేయాలి. జవాబు ఇచ్చాక మంజూరు ఏ రోజైనా రావచ్చు, ముందుగా ఎవరూ కబురు పెట్టరు. కాబట్టి విడి దరఖాస్తు వేసే ఉద్దేశం ఉంటే దాని కాగితాలను ఎఫ్ఈఆర్ జవాబుతోపాటే సిద్ధం చేసి, అదే వారంలో దాఖలు చేయండి.